పాత రేడియో స్కానర్‌తో ఓడల డేటా చదవడం ఎలా? డిస్క్రిమినేటర్ ట్యాప్ పూర్తి గైడ్

రేడియో స్కానర్ చేతికొచ్చిన వాళ్లలో చాలామంది మొదట చేసే ప్రయోగం ఒకటే. హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒక ఆక్స్ కేబుల్ తీసి ల్యాప్‌టాప్‌కి పెడతారు, డీకోడర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తారు, స్కానర్‌ని డేటా ఛానల్ మీద నిలబెడతారు. స్పీకర్‌లో సిగ్నల్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం ఒక్క అక్షరం కూడా రాదు. యాంటెన్నా మారుస్తారు, సాఫ్ట్‌వేర్ మారుస్తారు, చివరికి స్కానర్ పాడైందనుకుని అల్మారాలో పడేస్తారు.

నిజానికి స్కానర్ బాగానే ఉంటుంది. మనం సిగ్నల్ తీసుకునే చోటే తప్పు. డేటా ఆ హెడ్‌ఫోన్ జాక్ దాకా రాకముందే లోపలి సర్క్యూట్ దాన్ని పాడుచేసేస్తుంది. పాడవకముందే పట్టుకోవాలంటే స్కానర్ లోపల ఒక చిప్ కాలి దగ్గర నుంచి చిన్న వైరు బయటికి తీయాలి. దీన్నే డిస్క్రిమినేటర్ ట్యాప్ అంటారు. రెండు విడిభాగాలు, ఒక జాక్, ఒక గంట ఓపిక ఉంటే చాలు. ఎందుకు పనిచేస్తుందో అర్థం చేసుకుని చేస్తే ఎఫ్ఎం రేడియో మొత్తం మీకు కొత్తగా కనిపిస్తుంది.

నేనుండేది విశాఖపట్నంలో. కాబట్టి ఉదాహరణకి ఓడలు పంపే ఏఐఎస్ సిగ్నల్ తీసుకున్నాను.

ముందు చట్టం సంగతి

ఇది స్కిప్ చేయొద్దు ఫ్రెండ్స్. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికి కూడా లైసెన్స్ కావాలనే రూల్ 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ యాక్ట్ నుంచి ఉంది. ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ యాక్ట్ వచ్చింది. కాబట్టి ఎక్కడో ఆన్‌లైన్‌లో కనిపించిందని స్కానర్ ఆర్డర్ పెట్టేయకండి.

సరైన దారి హామ్ లైసెన్స్. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది. ఇందులో జనరల్, రిస్ట్రిక్టెడ్ అని రెండు గ్రేడ్‌లు ఉంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ రావాల్సిన పనిలేదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, హామ్ నేర్చుకోవాలనుకునే వాళ్లు అక్కడ అడగొచ్చు. నేను ఈ ప్రయోగాలు హామ్ లైసెన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టాను. మీ లైసెన్స్‌లో ఏ పరికరం, ఏ బ్యాండ్ అని ఉందో ముందు చదవండి.

రెండో విషయం. వేరేవాళ్ల మెసేజ్‌లు దొంగచాటుగా పట్టుకోవడం నేరం. పోలీసు, నేవీ, పేజర్ లాంటి ఛానల్స్ జోలికి వెళ్లొద్దు. నేను ఏఐఎస్ ఎంచుకోవడానికి ఒక కారణం కూడా ఇదే. చుట్టుపక్కల ఉన్న అందరికీ తెలియాలనే ఓడ తనంతట తాను దీన్ని ప్రసారం చేస్తుంది.

ఏఐఎస్ అంటే ఏంటి?

పూర్తి పేరు ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజ్, ఆపైన ఉన్న ఓడలకి ఇది తప్పనిసరి. ప్రతి ఓడా తన నంబర్, ఉన్న చోటు, వేగం, వెళ్తున్న దిక్కు వీహెచ్ఎఫ్‌లో పంపుతూనే ఉంటుంది. ఇందుకు రెండు ఛానల్స్ ఉన్నాయి: 161.975 మెగాహెర్ట్జ్, 162.025 మెగాహెర్ట్జ్.

పెద్ద ఓడ లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి, 14 నాట్స్ లోపు వేగంతో కదులుతుంటే 10 సెకన్లకోసారి, 23 నాట్స్ దాటితే 2 సెకన్లకోసారి పొజిషన్ పంపుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడితే గందరగోళం కదా. అందుకే ఒక్కో ఛానల్‌లో నిమిషాన్ని 2250 స్లాట్‌లుగా కోశారు. ఒక్కో స్లాట్ సుమారు 26.67 మిల్లీ సెకన్లు. ఆ కాస్త టైమ్‌లో సెకనుకి 9600 బిట్ల స్పీడ్‌తో 256 బిట్లు పడతాయి. అందుకే స్పీకర్‌లో వింటే మాటలా ఉండదు, టక్ టక్ అని చిన్న చప్పుళ్లుగా వినిపిస్తుంది.

హెడ్‌ఫోన్ జాక్‌లో డేటా ఎందుకు చచ్చిపోతుంది?

స్కానర్ లోపల సిగ్నల్ ప్రయాణం ఇలా ఉంటుంది. యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్‌ని మిక్సర్లు కిందికి దించుతాయి. మామూలు స్కానర్లలో చివరికి అది 455 కిలోహెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. అక్కడ సిరామిక్ ఫిల్టర్ పక్క ఛానల్స్‌ని ఆపేస్తుంది. తర్వాత డిస్క్రిమినేటర్ వస్తుంది. ఫ్రీక్వెన్సీ ఎంత అటూ ఇటూ ఊగితే అంత వోల్టేజ్‌గా మార్చడమే దీని పని. ఇక్కడిదాకా డేటా చక్కగానే ఉంటుంది.

అసలు కథ దీని తర్వాత మొదలవుతుంది. స్కానర్‌ని తయారు చేసింది మనుషుల మాటలు వినడానికి. మాటకి 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకు ఉంటే సరిపోతుంది. కాబట్టి మూడు పనులు జరుగుతాయి.

మొదటిది డీ-ఎంఫసిస్. చెవికి గరగరలాడే శబ్దం తగ్గడానికి పై ఫ్రీక్వెన్సీలని క్రమంగా నొక్కేస్తారు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 9600 బిట్ల స్పీడ్‌లో సిగ్నల్ ఒక్కో బిట్‌కి దిశ మార్చుకుంటూ పోతే అది 4800 హెర్ట్జ్ అవుతుంది. 300 నుంచి 4800కి నాలుగు రెట్టింపులు, అంటే 24 డెసిబెల్స్. వోల్టేజ్ లెక్కలో పదహారో వంతు మిగులుతుంది. ఆ పైన ఆడియో ఫిల్టర్ కోత వేరే.

రెండోది కింది వైపు కోత. వరసగా కొన్ని బిట్లు ఒకే వైపు నిలబడితే సిగ్నల్ నెమ్మదిగా కదులుతుంది, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ. 300 హెర్ట్జ్ కింద కోసేస్తే ఆ నిలబడిన వోల్టేజ్ జారిపోయి, సున్నా ఏదో ఒకటి ఏదో డీకోడర్‌కి తెలియదు.

మూడోది స్క్వెల్చ్. సిగ్నల్ లేనప్పుడు హిస్ రాకుండా స్పీకర్‌ని మూసేసే గేటు ఇది. సిగ్నల్ వచ్చాక గేటు తెరుచుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. ఏఐఎస్ మెసేజ్ ఉండేదే 26 మిల్లీ సెకన్లు. గేటు తెరుచుకునేసరికి తలభాగం తెగిపోయి ఉంటుంది.

ఫోన్‌లో ఈక్వలైజర్ పెట్టి బాస్, ట్రెబుల్ రెండూ సున్నాకి లాగేసి, ప్రతి మాట మొదటి అక్షరం మ్యూట్ చేసి వినడం లాంటిది ఇది. మాట అయితే ఎలాగో అర్థం చేసుకుంటాం, కానీ బిట్లకి ఆ వెసులుబాటు ఉండదు.

కాబట్టి పరిష్కారం కూడా స్పష్టం. డిస్క్రిమినేటర్ నుంచి బయటికొచ్చిన వెంటనే, ఈ మూడు పనులూ జరగకముందే సిగ్నల్ తీసేసుకోవాలి.

మీ స్కానర్ పనికొస్తుందా?

పాత అనలాగ్ స్కానర్లు దీనికి బాగా సరిపోతాయి. ఎఫ్ఎం డీమాడ్యులేషన్‌కి వాటిలో విడిగా ఒక ఐసీ ఉంటుంది. ఎంసీ3357, ఎంసీ3361, టీఏ31136 తరచుగా కనిపించేవి. ఈ మూడింట్లోనూ డీమాడ్యులేటర్ అవుట్‌పుట్ 9వ పిన్. వేరే ఐసీ ఉంటే అంచనా వేయకండి, దాని డేటాషీట్ చూడండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే ఇంకా మంచిది.

అంతా సాఫ్ట్‌వేర్‌లోనే డీమాడ్యులేట్ చేసే కొత్త డిజిటల్ స్కానర్లలో ఇలాంటి పిన్ ఉండదు. వాటిని విప్పకండి. కొన్ని హామ్ మొబైల్ సెట్లలో వెనకవైపు 6 పిన్నుల మినీ డిన్ డేటా సాకెట్ ఉంటుంది. అందులో 9600 అవుట్ అని ఉండే పిన్ కంపెనీవాళ్లు పెట్టి ఇచ్చిన డిస్క్రిమినేటర్ ట్యాపే. అది ఉంటే సోల్డరింగ్ అవసరమే లేదు.

సిరామిక్ ఫిల్టర్ వెడల్పు కూడా చూడాలి. ఏఐఎస్‌లో ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ 2.4 కిలోహెర్ట్జ్ ఊగుతుంది. దానికి 4.8 కలిపి రెట్టింపు చేస్తే సుమారు 14.4 కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. ఫిల్టర్ మీద 455ఈ అని ఉంటే అటూ ఇటూ 7.5 చొప్పున 15 కిలోహెర్ట్జ్, సరిగ్గా సరిపోతుంది. 455ఎఫ్ అయితే 12, కొంచెం ఇరుకు, బలమైన సిగ్నల్స్ వస్తాయి. 455జీ అయితే 9 కిలోహెర్ట్జ్ మాత్రమే, ఆశ పెట్టుకోవద్దు.

కావాల్సిన సామాన్లు

- సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, సన్న లెడ్, ఫ్లక్స్
- 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి
- 1 నుంచి 10 మైక్రోఫారడ్ మధ్య కెపాసిటర్ ఒకటి
- సన్నటి షీల్డెడ్ ఆడియో వైరు, ఒక జానెడు
- 3.5 ఎంఎం మోనో జాక్
- మల్టీమీటర్, భూతద్దం

ఈ రెండు విడిభాగాలు ఎందుకు? ఐసీ పిన్ మీద ఆడియోతో పాటు డీసీ వోల్టేజ్ కూడా ఉంటుంది. అది ల్యాప్‌టాప్‌లోకి వెళ్లకుండా కెపాసిటర్ ఆపుతుంది. బయటి వైరు పొరపాటున షార్ట్ అయినా స్కానర్ ఐసీ మీద భారం పడకుండా రెసిస్టర్ కాపాడుతుంది.

కెపాసిటర్ విలువ ఎలా పడితే అలా పెట్టకూడదు. రెసిస్టర్ 10 కిలో ఓమ్, సౌండ్ కార్డ్ ఇన్‌పుట్ ఇంకో 10 కిలో ఓమ్ అనుకుందాం. 0.1 మైక్రోఫారడ్ పెడితే సుమారు 80 హెర్ట్జ్ కింద కోత పడుతుంది. 1 మైక్రోఫారడ్ పెడితే 8 హెర్ట్జ్‌కి, 10 పెడితే 0.8 హెర్ట్జ్‌కి దిగుతుంది. కింది ఫ్రీక్వెన్సీలు కావాలనే కదా ఇంత కష్టపడేది, అందుకే 1కి తగ్గించొద్దు.

స్టెప్ బై స్టెప్

1. బ్యాటరీలు తీసేయండి, చార్జర్ పీకేయండి. వారంటీ ఉన్న సెట్ అయితే ఇక్కడే ఆగి ఆలోచించండి, మూత విప్పాక క్లెయిమ్ చేయడం కష్టం.

2. మూత విప్పే ముందు, విప్పాక ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ రిబ్బన్ కేబుల్ ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు.

3. 455 అని రాసి ఉన్న ఫిల్టర్ వెతకండి. దాని పక్కనే 16 కాళ్ల ఐసీ ఉంటుంది. భూతద్దంతో నంబర్ చదవండి. చుక్క లేదా గాటు ఉన్న మూల దగ్గర 1వ పిన్. అక్కడి నుంచి గడియారానికి వ్యతిరేక దిశలో లెక్కపెట్టాలి. ఒక వరస చివరిది 8, దానికి సరిగ్గా ఎదురు వరసలో ఉండేది 9.

4. 8వ పిన్‌ని తాకొద్దు. ఎంసీ3357, ఎంసీ3361లలో దానికి ట్యూనింగ్ కాయిల్ కలిపి ఉంటుంది. అక్కడ వైరు అతికిస్తే డిస్క్రిమినేటర్ ట్యూనింగే చెడిపోతుంది.

5. సోల్డర్ చేసేముందు టెస్ట్ చేయండి. ఒక వైరు మొనకి కెపాసిటర్, రెసిస్టర్ కలిపి, రెండో కొసని చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌కి పెట్టండి. స్కానర్ గ్రౌండ్‌నీ స్పీకర్ గ్రౌండ్‌నీ కలపండి. స్కానర్ ఆన్ చేసి, వాల్యూమ్ సున్నా చేసి, స్క్వెల్చ్ పూర్తిగా మూసేయండి. ఇప్పుడు వైరు మొన 9వ పిన్‌కి తగిలించినప్పుడు గట్టిగా హిస్ వినిపించాలి. వాల్యూమ్ తిప్పినా, స్క్వెల్చ్ తిప్పినా ఆ హిస్ మారకూడదు. మారితే మీరున్నది వేరే చోట.

6. మళ్లీ పవర్ తీసేసి, రెసిస్టర్ కాలు చిన్నగా కత్తిరించి 9వ పిన్‌కి సోల్డర్ చేయండి. పిన్ మరీ సన్నగా ఉంటే, ఆ ట్రాక్ వెళ్లి కలిసే మొదటి విడిభాగం ప్యాడ్ దగ్గర చేయొచ్చు. ఐరన్‌ని రెండు సెకన్లకి మించి ఆనించొద్దు.

7. రెసిస్టర్ తర్వాత కెపాసిటర్. ఎలక్ట్రోలిటిక్ అయితే ప్లస్ కాలు ఐసీ వైపు ఉండాలి. దాని తర్వాత షీల్డెడ్ వైరు, చివర జాక్. షీల్డ్‌ని బోర్డు గ్రౌండ్‌కి కలపండి. బేర్ కాళ్లన్నిటికీ స్లీవ్ లేదా టేప్ వేయండి.

8. జాక్ కోసం కేస్‌లో ఖాళీ చోటు చూసి రంధ్రం చేయండి. డ్రిల్ పొడి బోర్డు మీద పడకూడదు కాబట్టి, బోర్డు తీసి పక్కన పెట్టాకే డ్రిల్ చేయాలి.

9. మూత పెట్టేముందు మల్టీమీటర్‌తో చూడండి. జాక్ మొనకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉండకూడదు.

ల్యాప్‌టాప్ సెట్టింగ్స్

లైన్ ఇన్ ఉంటే అదే వాడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్ ఇన్‌పుట్ మాత్రమే ఉంటుంది, అది చిన్న సిగ్నల్స్ కోసం చేసింది. మైక్ బూస్ట్ తీసేసి, లెవల్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్, ఆటోమేటిక్ గెయిన్, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్ చేయండి. ఇవి గొంతుకి మంచివే గానీ, మనం స్కానర్‌లో తప్పించుకున్న కోతని మళ్లీ ఇక్కడ పెట్టేస్తాయి.

శాంప్లింగ్ రేటు 48000 పెట్టండి. 9600తో భాగిస్తే ఒక్కో బిట్‌కి సరిగ్గా 5 శాంపిల్స్ వస్తాయి.

సాఫ్ట్‌వేర్‌గా నేను డైర్‌వుల్ఫ్ వాడుతున్నాను. ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. 1.6 వెర్షన్ నుంచి ఏఐఎస్ మోడెమ్ అందులోనే ఉంది. మెసేజ్ వచ్చినప్పుడు ఆడియో లెవల్ కూడా చూపిస్తుంది. అది 50 చుట్టుపక్కల ఉండేలా ఇన్‌పుట్ సర్దుకోండి. మ్యాప్ మీద ఓడలు కనిపించాలంటే ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత చార్ట్ ప్రోగ్రామ్ ఉంది.

స్కానర్‌ని స్కాన్ మోడ్‌లో పెట్టొద్దు, ఒక ఛానల్ మీద హోల్డ్ చేయండి. ఓడలు రెండు ఛానల్స్‌లో మార్చి మార్చి పంపుతాయి కాబట్టి ఒక్క ఛానల్ విన్నా అందరూ దొరుకుతారు, మెసేజ్‌లు మాత్రం సగం వస్తాయి.

యాంటెన్నా, దూరం

162 మెగాహెర్ట్జ్‌కి క్వార్టర్ వేవ్ అంటే సుమారు 44 సెంటీమీటర్ల నిట్టనిలువు రాడ్. దూరం మాత్రం ఎత్తు మీదే ఆధారపడి ఉంటుంది. లెక్క సింపుల్: మీ యాంటెన్నా ఎత్తు మీటర్లలో వర్గమూలం, ఓడ యాంటెన్నా ఎత్తు వర్గమూలం కలిపి 4.12తో గుణించండి. మీ డాబా 16 మీటర్లు, ఓడ యాంటెన్నా 25 మీటర్లు అనుకుంటే, 4 ప్లస్ 5 అంటే 9, దాన్ని 4.12తో గుణిస్తే 37 కిలోమీటర్లు. అంటే 20 నాటికల్ మైళ్లు. మధ్యలో కొండ అడ్డొస్తే ఈ లెక్క చెల్లదు. వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్‌కి ఏ పక్కన ఉన్నారనేది కూడా తేడా చేస్తుంది.

వచ్చిన మెసేజ్‌ని చదవడం

మామూలు పొజిషన్ రిపోర్ట్ 168 బిట్లు. ఆరేసి బిట్లకి ఒక అక్షరం చొప్పున 28 అక్షరాల వరసగా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మొదటి 6 బిట్లు మెసేజ్ రకం. రెండు బిట్లు వదిలేస్తే తర్వాతి 30 బిట్లు ఎంఎంఎస్ఐ, అంటే ఓడకి ఇచ్చిన 9 అంకెల నంబర్. ఓడల నంబర్‌లో మొదటి మూడు అంకెలు దేశం చెబుతాయి, 419 అంటే ఇండియా. వేగానికి 10 బిట్లు, విలువ 123 అని వస్తే 12.3 నాట్స్. ఓడ పేరు, వెళ్లే రేవు 5వ రకం మెసేజ్‌లో వస్తాయి, అది 6 నిమిషాలకోసారే పంపుతారు. అందుకే మొదట నంబర్లు మాత్రమే కనిపించి పేర్లు ఆలస్యంగా వస్తాయి, కంగారు పడకండి.

చివర్లో 16 బిట్ల చెక్ ఉంటుంది. ఒక్క బిట్ తేడా వచ్చినా మెసేజ్ మొత్తం పారేస్తారు. ఇది మంచి పనే. సముద్రంలో తప్పు పొజిషన్ చూపించడం కన్నా ఏమీ చూపించకపోవడమే నయం. మనకి "సగం వచ్చింది" అనే మాట ఉండదు, స్క్రీన్ మీద లైన్ పడిందంటే అది సరైనదే.

నా సెటప్‌లో ఒకే యాంటెన్నా, ఒకే చోటు, ఒకే ల్యాప్‌టాప్‌తో రెండు రకాలుగా చూశాను. హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒక్క లైన్ కూడా రాలేదు. ట్యాప్ నుంచి మొదటి నిమిషంలోనే లైన్లు వరసగా దిగాయి.

ఏమీ రాకపోతే

- హిస్ వస్తోంది, మెసేజ్ లేదు: ముందు ల్యాప్‌టాప్ నాయిస్ సప్రెషన్ చూడండి. తర్వాత ఫిల్టర్ వెడల్పు.
- గుయ్ మని హమ్ వస్తోంది: ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి.
- దగ్గరి ఓడలు రావు, దూరంవి వస్తున్నాయి: బలమైన సిగ్నల్‌కి స్కానర్ ఓవర్‌లోడ్ అవుతోంది. అటెన్యుయేటర్ బటన్ ఉంటే నొక్కండి.
- సౌండ్ కార్డ్ సిగ్నల్‌ని తలకిందులు చేస్తుందేమో అని డౌట్ వద్దు. ఏఐఎస్‌లో వోల్టేజ్ పైకా కిందికా అన్నది లెక్కలోకి రాదు, మారిందా లేదా అన్నదే లెక్క.

డాంగిల్ కొంటే పోలేదా?

న్యాయమైన ప్రశ్న. 2012లో చవక డీవీబీ-టీ టీవీ డాంగిల్స్‌ని ఎస్‌డీఆర్ రిసీవర్లుగా వాడొచ్చని బయటపడింది. ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ అని ఇప్పుడు అందరూ పిలిచేది దాన్నే. అందులో డిస్క్రిమినేటర్ పని కూడా సాఫ్ట్‌వేరే చేస్తుంది, కాబట్టి ట్యాప్ అక్కర్లేదు. రెండు ఏఐఎస్ ఛానల్స్ మధ్య 50 కిలోహెర్ట్జే తేడా కాబట్టి రెండూ ఒకేసారి వినొచ్చు.

నా తీర్పు ఇదీ. కొత్తగా కొనేవాళ్లయితే స్కానర్ కొని కోయకండి, లైసెన్స్ రూల్స్ చూసుకుని డాంగిల్ వైపు వెళ్లండి. లైసెన్స్ ఉండి, పాత అనలాగ్ స్కానర్ ఇంట్లో పడి ఉంటే మాత్రం ట్యాప్ చేయండి. ఖర్చు దాదాపు లేదు. డాంగిల్‌లో లోపల ఏం జరుగుతుందో ఒక సాఫ్ట్‌వేర్ బాక్స్‌లో దాగి ఉంటుంది. ఇక్కడ అదే విషయం ఒక ఐసీ కాలి మీద మీ చెవికి వినిపిస్తుంది.

హైదరాబాద్‌లోనో, వరంగల్‌లోనో, కడపలోనో ఉండి ఓడలు లేవే అనుకునేవాళ్లకి ఆకాశం ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ ప్యాకెట్లు 145.825 మెగాహెర్ట్జ్‌లో వస్తుంటాయి. అవి సెకనుకి 1200 బిట్లు, 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు టోన్లలో పంపుతారు. రెండు టోన్లూ మాట బ్యాండ్‌లోపలే ఉన్నాయి కాబట్టి స్క్వెల్చ్ తెరిచి పెడితే హెడ్‌ఫోన్ జాక్ నుంచే డీకోడ్ అవుతాయి, మూత విప్పక్కర్లేదు. కాబట్టి ఏ సిగ్నల్‌కైనా ఐరన్ వేడి చేసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీని బిట్లు 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య పడతాయా, పడవా? పడితే కేబుల్ చాలు. పడకపోతే 9వ పిన్ దగ్గరికి వెళ్లాల్సిందే.